సీసం ముద్ర

పొద్దున ఆరు. కరకంబాడి రోడ్డులో
పాల వ్యాన్ల వెనక, రేణిగుంట రైలు కోసం
ఆటోల్లో పోతున్న గంధం పూసిన గుండ్లు.
మా వార్డులో గుండ్లకు గంధం ఉండదు.

నిన్న సాయంత్రమే తొట్టికి నీళ్లు పట్టాను.
రాత్రంతా గదితో కాపురం చేసి
గది వేడిమినే తమ వేడిమి చేసుకున్నాయవి.
మనిషిలో ఎక్కువ పాలు నీళ్లే కదా,
అందుకని రోగి కంటే ముందు
ఈ తొట్టి పడుకుంటుంది ఆ బల్ల మీద.

పది సెంటీమీటర్ల లోతున
చిటికెనవేలి కొనంత అర, అందులో చిటికెడు గాలి.
మందపాటి తలుపు మూసి మీట నొక్కుతాను.
నీళ్లు కదలవు, మెరవవు, వేడెక్కినట్టూ తెలియదు.
ఇవతల ఎలక్ట్రోమీటర్ మీద అంకెలు ఎక్కి
ఒకచోట ఆగాయి.
ఒక శాతం తక్కువ.

రెండు దాకా ఓర్చుకోవచ్చంటుంది పుస్తకం.
నౌషీన్ కొత్త పిల్ల, ఓర్చుకోదు.
"మిషన్ని కొంచెం పెంచుదామా మేడం?"
నేను గోడ మీది బారోమీటర్ చూశాను.
నెల్లూరు అవతల సముద్రంలో
వాయుగుండం ఒకటి తీరం వెతుక్కుంటోంది.
శేషాచలం సగానికి పైగా మబ్బులో లేదు.
మా కాగితంలో మాత్రం నిన్నటి పీడనమే ఉంది.

పలచబడిన గాలి
తను చూసినంతే చెప్పింది, తక్కువగా.
మిషన్ తప్పేం లేదు.
పెంచి ఉంటే
ఈ రోజు బల్ల ఎక్కే నలభై రెండు ఒళ్లలో
ఎవరూ వచ్చి అడగలేని మంట.
కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్లీ రాశాం.

తొమ్మిదింటికి చెంగల్రాయుడు.
దామలచెరువు మామిడి మండీలో
ముప్పై ఏళ్లు కాటా దగ్గర నిలబడిన మనిషి.
గొంతులో గడ్డ. ఇది పదకొండో సిట్టింగు.
ఉప్పుకాగితం రుద్దినట్టు అడిగాడు:
"నా రాళ్లకు ఏటేటా ఆఫీసరొచ్చి
అడుగున సీసంలో ముద్ర గొడతాడు మేడం.
మీ మిషన్ని ఎవురు తూస్తారు?"
నేనే, పొద్దున్నే, అన్నాను.
"మరి నీ కాటాని?"
రెండేళ్లకోసారి ముంబై తీసుకుపోతాం,
రైల్లో ఒడిలో పెట్టుకుని, పసిబిడ్డ మాదిరి.
"వాళ్లదాన్ని?"
సముద్రం దాటి ఇంకొకరు.
"ఆ పైన?"
ఆ పైన కూడా ఎవరో ఒకరు
అనుమానంతోనే కూర్చుని ఉంటారు, అన్నాను.
ఆ మాట అతనికి నచ్చింది.

గ్రే అంటే ఏందని అడిగాడు.
నూరు గ్రాముల తోతాపురి పిందెను
నేల మీంచి నడుము ఎత్తుకు లేపే బలం,
అది కిలో కండలో ఇంకితే ఒక గ్రే.
నీకు రోజూ రెండు.
"రెండు పిందెల బరువా!
దానికా ఇంత గోడ, ఇంత తలుపు!"
నవ్వబోయి దగ్గాడు.
దగ్గు తగ్గాక, నా వైపు చూడకుండా:
"టన్నుకు యాభై కిలోలు తరుగు తీసినాం.
సావుకారి మాట. కానీ అరిచింది
ఈ గొంతే."

నాకు ఏమనాలో తెలీలేదు.
తరుగుకి దిద్దుబాటు గుణకం
నా పట్టికల్లో లేదు.

మొహానికి మాస్కు బిగించాక మాట ఉండదు.
తలుపు మూసుకునేలోపు
బల్ల మీద నుంచి రెండు వేళ్లు ఎత్తి చూపాడు.
రెండే. ఎక్కువొద్దు, తక్కువొద్దు.

బయట చినుకులు మొదలయ్యాయి.
తెర మీద అతని ఛాతీ లేస్తోంది, దిగుతోంది.
నేను చెప్పకుండానే నౌషీన్
పెన్ను తీసుకుని
మళ్లీ బారోమీటర్ దగ్గరికి నడిచింది.