కుడి మూల

లాకుల వీధిలో నా కొట్టు.
జిరాక్స్, డీటీపీ, పాన్ కార్డులు.
మూడొందలకి సిస్టం ఎక్కించాడు చిట్టబ్బాయి.
“ముందు యాంటీవైరస్ ఆపండి, అది మొరుగుద్ది” అన్నాడు.
కుక్కని కట్టేసి
తలుపు తీసి పట్టుకున్నది నేనే.

ఏడాది దాకా ఏ గొడవా లేదు.
అప్‌డేటు వచ్చిన రాత్రి తెర కుడి మూల తేలింది:
విండోస్ యాక్టివేట్ చేయండి.
కాలువ కట్టేశాక అడుగున బయటపడ్డ
ఒంటి చెప్పులా.
దాని మీద పసుపు చీటీ అంటించి
శుభలేఖలు కొడుతూనే ఉన్నాను.
అసలుది కొనాలంటే రెండు నెలల అద్దె.
ఇదీ నిజమే, దాచను.

మొన్న నరసాపురం రోడ్డులో రొయ్యల మేత ఫ్లెక్సీ.
స్కూటర్ దానంతటదే ఆగింది.
ఆ అక్షరాలు నావి.
రెండు వేసవులు కూర్చుని గీసిన ఫాంటు,
‘య’ కొసకి మీసం వంపు పెట్టింది నేను.
అమ్ముడైనవి నాలుగు కాపీలు.
ఆ నాలుగులో ఈ కొట్టు లేదు.

ఫ్లెక్సీ కొట్టిన సత్తిరాజు నవ్వాడు:
“పెన్‌డ్రైవ్‌లో వచ్చిందండీ.
మీ చిట్టబ్బాయే.”

మాది శివారు చేను.
ఎగువన ఎవడో రాత్రిపూట దొంగ తూము పెడితే
గట్టు మీద నిలబడి నాన్న తిట్టిన తిట్లు
నాకు కంఠతా వచ్చు.
సత్తిరాజు ముందు ఒక్కటీ గుర్తు రాలేదు.
టీ ఇప్పించాడు. తాగాను.

రాత్రి షట్టర్ దించేముందు
చీటీ పీకేశాను.
జిగురు మరక మిగిలింది, దాని వెనక
ఆ బూడిదరంగు మాట.
ఉండనీ.
పొద్దున్న బేరం వచ్చేసరికి
వాళ్లకీ నాకూ కనపడనీ.