ఎనిమిదో గుర్రం

మంచుకొండ కాళ్ల దగ్గర, కెర్-సూ సరస్సు గట్టున,
రాళ్లలో పాతిన ఇనుప గొట్టానికి
సబ్బుబిళ్లంత పెట్టె.
నీళ్లెంత పైకొచ్చాయో గంటకోసారి చెబుతుంది.
అరవదు. అరిస్తే వారంలో బ్యాటరీ చస్తుంది.
గొణుగుతుంది.

కింద కిర్గిజ్ పల్లెలో, బడి పైకప్పు మీద యాంటెన్నా.
నడుమ పదకొండు కిలోమీటర్ల గాలి,
సన్నటి మంచుపొడి, ఎవరిదో వెల్డింగ్ మిషను.
బయల్దేరిన సున్నా
దారిలో ఒకటై దిగుతుంది.
"ఏమన్నావ్?" అని అడగడానికి లేదు.
చెవి తెరిచి ఉంచడమూ ఖర్చే పైనున్నదానికి.
అందుకే చెప్పేటప్పుడే
నాలుగు ముక్కలకి మూడు సాక్ష్యాలు కట్టి పంపుతుంది.

ఈ కిటుకు ఉల్జాన్‌కి తరగతిలో తలకెక్కలేదు.
ఎసెన్‌గుల్ తాత గుర్రాల్ని తోలుకొచ్చే వేళ ఎక్కింది.
చీకట్లో ఆయన మొహాలు వెతకడు.
నల్లవెన్ని? నాలుగు.
గంట కట్టినవి? నాలుగు.
చెవి కోసినవి?
మూడు. మళ్లీ చూసినా మూడే.
"నల్లది కాదు, గంట లేదు.
చెవి కోసిన ఎర్రది వాగు దగ్గర ఆగిపోయింది"
అని మనవణ్ణి పంపేస్తాడు.

చెద తిన్న తాటాకులో
పోయిన అక్షరాన్ని
పై పాదం ప్రాస పట్టిచ్చినట్టు.

ఆ లెక్కే పెట్టెలో రాసింది ఉల్జాన్.
పదకొండు నెలలు
ఒక్క బ్యాటరీ మీద నిజం చెప్పింది పెట్టె.

మార్చిలో ఒక రాత్రి, రెండు దాటాక,
ఒకే మాటలో రెండు చోట్ల తిరగబడింది.
మూడు సాక్ష్యాలూ కూడబలుక్కుని
తప్పుని ఇంకో తప్పుతో దిద్ది,
తడబడకుండా చెప్పాయి:
సరస్సు మూడు మీటర్లు పెరిగింది.

సైరన్.
నూట అరవై మంది ఎదురు కొండెక్కారు.
తుర్సునాయ్ పది రోజుల బిడ్డని కోటులో దాచుకుంది.
ఎవరో కుట్టుమిషను మోసుకొచ్చారు.
తెల్లారి చూస్తే
వాగు ఎప్పట్లాగే మోకాలి లోతు.
ఉల్జాన్‌ని ఎవరూ తిట్టలేదు.
తిడితే బాగుండేది.
వచ్చేసారి లేస్తారా, అన్నదే ఆమెకి నిద్రలేకుండా చేసింది.

మర్నాడో ఆ మర్నాడో, మసక వెలుతురులో,
తాత మళ్లీ లెక్కపెడుతున్నాడు.
నల్లవి మూడు. గంటలు మూడు. కోసిన చెవులు మూడు.
"మూడు గుర్తులూ ఉన్నదే పోయింది!"
మనవడు బెక్తుర్ అప్పటికే పరుగెత్తాడు.
"ఆగరా."
ఆయన అన్నిటినీ కలిపి మళ్లీ లెక్కపెట్టాడు,
నలుపు లేక, గంట లేక, చెవి చెక్కుచెదరక
ఏ గుంపులోనూ చేరని తెల్ల ఆడగుర్రంతో సహా.
ఆరు.
"ఒకటి పోతే ఏడుండాలి కదా.
రెండు పోయాయి. ఏ రెండో నాకు తెలీదు.
లాంతరు పట్రా."

ఉల్జాన్ కంచె దగ్గర
చాలాసేపు నిలబడిపోయింది.

ఇప్పుడు పెట్టె ప్రతి మాటకీ
ఎనిమిదో బిట్టు ఒకటి తగిలిస్తుంది.
అది దేన్నీ దిద్దదు.
ఎప్పుడో ఒకసారి మాత్రం, "నాకు తెలీదు" అంటుంది.
అప్పుడు సైరన్ మోగదు. ఒక మనిషి
టార్చిలైటుతో వాగు దాకా వెళ్లొస్తాడు.

ఆ రెండు ముక్కల ఖరీదు బ్యాటరీలో నెలన్నర.
మార్చడానికి పైకి వెళ్లాల్సింది సెప్టెంబరులో,
ఇక ఆగస్టు మొదట్లోనే.
తెల్ల గుర్రాన్ని ఇస్తానన్నాడు ఎసెన్‌గుల్.
బాడుగ ముందే తీసుకున్నాడు.