ఎంక్వైరీ కిటికీలోంచి

పుత్తూరు బస్టాండులో
ఈ కమ్మీల వెనకాల ఇరవై ఆరేండ్లు కూర్చున్నాను.
మొహాలు గుర్తుండవు నాకు.
చేతులు గుర్తుంటాయి.
విరిగిన చెయ్యి ఒంటరిగా రాదు,
రెండో చెయ్యి దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొస్తుంది.

"కట్టు యాడ కడతారన్నా?"
కన్నడంలో అడుగుతారు, అరవంలో అడుగుతారు,
ఒకసారి ఏ దేశపు భాషో, ఏడుపు మాత్రం తెలిసిందే.
మోచేతి వంకర చూసి దారి చెబుతాను.
"బయట ఆటో ఉండాది. వాడు యాభై అడుగుతాడు,
ముప్పై ఇచ్చి దిగెయ్."

మా ఊరిని చూడ్డానికి ఎవరూ రారు.
కొండకు పోయేవాళ్ళు టీ తాగి పోతారు,
మద్రాసుకు పోయేవాళ్ళు నిద్రలో దాటేస్తారు.
విరిగినవాళ్ళే ఇక్కడ దిగుతారు,
ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకొని.

దారులకేం, ఎన్నైనా ఉన్నాయి.
తిరుపతికి ఒకటి,
నగరి ముక్కుకొండ పక్కనుంచి అరవనాడుకు ఒకటి,
నారాయణవనం మీద ఊత్తుకోటకి పోయేదానికి
టాపు నిండా లుంగీల మూటలు,
కార్వేటినగరం మీద చిత్తూరుకి పోయేదానికి
బస్సులు తక్కువ, నాకు తిట్లు ఎక్కువ.

రైలు దొరలనాటిది.
మా తాత చెంగల్రాయులు ఆ పట్టాల మీద గ్యాంగ్‌మన్.
"ఎండకు ఇనుము ఒళ్ళు విరుచుకుంటుంది రా,
అతుకు దగ్గర సందు వదలాల.
బిగించినావంటే వంకరపోతుంది" అనేవాడు.
ఇప్పుడు సందుల్లేవు, అంతా వెల్డింగు.
రైలు వస్తే మునుపటి టకటక లేదు,
ఈలేసుకుంటూ జారిపోతుంది.
తాత ఉంటే దాన్ని రైలనడు.

అరవైలో గీత గీసినారు.
తిరుత్తణి అవతలికి పోయింది.
అమ్మమ్మ పుట్టిన ఊరు ఇంకో రాష్ట్రమైంది,
బావిలో నీళ్ళు మాత్రం అవే.
ఆమె చచ్చేదాకా తెలుగులో తిట్టింది,
అరవంలో లెక్కపెట్టింది.
ఆ విరుపుకి ఎవరూ దబ్బలు పెట్టలేదు.
దానంతటదే అతుక్కుంది, కొంచెం వంకరగా.
బరువైతే మోస్తుంది.
వాన పట్టినప్పుడు సలుపుతుంది.

ఒక సంగతి చెప్పాలి.
ద్రౌపదమ్మ తిరునాళ్ళలో, భారతం ముగిసే రోజు,
మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకొని ఉన్నాడు,
లారీ అంత పొడుగు, కోరమీసం.
భీముడి వేషం మా డిపో మెకానిక్ వజ్రవేలు.
మూడు చుట్లు తిరిగి గద ఎత్తాడు.
తొడలో దాచిన కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మాయి.
జనం ఆ మట్టి కోసం ఎగబడబోయే ముందు
ఒక్క క్షణం ఊరంతా నిశ్శబ్దం.
అప్పుడు టీకొట్టు ఢిల్లీరాణి కూతురు, ఆరేండ్ల పిల్ల,
"అమ్మా, రాజుగారి దగ్గర కట్టు కట్టిస్తే సరిపోదా?" అంది.
నవ్వు అలలు అలలుగా పోయింది.
ద్రౌపది వేషగాడు విరబోసిన జుట్టు పట్టుకొని మరీ నవ్వాడు.

కట్టుకట్టే రాజుగారు ఒక్కరే నవ్వలేదు.
వంగి ఆ తొడ తేరిపార చూసి
"తొడెముక. మూడు నెలలు కదలకూడదు.
పడుకోమంటే పడుకుంటాడా వీడు" అన్నారు.

ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, పాతగుడ్డ.
ఆయన వేళ్ళకు కండ్లుంటాయంటారు.
పెద్దాసుపత్రి డాక్టర్లు ఒప్పుకోరు,
వాళ్ళ అత్తగారు జారిపడేదాకా.
నాకు తెలీదు.
సరిగ్గా అతకక మళ్ళీ వచ్చినవాళ్ళనీ చూశాను,
వాళ్ళు నన్నేమీ అడగరు, దారి తెలుసు కాబట్టి.

ఇంక నాలుగు నెలల్లో రిటైర్‌మెంటు.
నిన్న సాయంత్రం పలమనేరు బస్సు వెనక్కి తీస్తా ఉంటే
ఒక కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది.
తెల్లగా పాలిపోయి, బక్కచిక్కి,
నెలన్నర గుడ్డలో దాగిన చెయ్యి.
మోచేతి దగ్గర పాత మచ్చ, అది నాకు తెలుసు.
వేళ్ళు ముడిచింది, తెరిచింది,
గాలిని పట్టుకొని వదిలింది.

తల, చేతులు బయట పెట్టరాదని
ప్రతి బస్సులో రాసి ఉంటుంది.
మైకు నా ముందే ఉంది.
నేను ఊరికే ఉన్నాను.