ఎడమ చెప్పు

చుట్టుగుంట దగ్గర క్లచ్ నేలకతుక్కుంది.
గేరు పడదు. వెనక ముప్పై టిక్కీల మిర్చి,
ముందు యార్డు గేటు.

నాగుల్‌మీరా బండి కిందికి దూరాడు,
దూరినంతసేపు కూడా పట్టలేదు, బయటికొచ్చాడు.
"కింద సిలిండర్ కొత్తదేగా?"
పోయిన నెలే, పేటలో. పద్దెనిమిది వందలు.
"పొడిగా ఉంది పాపం. దాని తప్పేం లేదు."

సీటు వెనక ఆయిల్ డబ్బా చూసి నవ్వాడు.
రోజూ పోస్తున్నాను.
ఎటు పోతోందో ఏ రోజూ అడగలేదు.

"యేసురత్నం, ఆ చెప్పిటివ్వు. ఎడమది."
ఇచ్చాను. ఇన్నాళ్లూ చెమటనుకున్నాను.
రెండు వేళ్ల మధ్య జిగురు చూసి
పెడల్ కింద మ్యాట్ ఎత్తాడు:
పెయింటు బొబ్బలెక్కి, పెచ్చులూడి,
మిర్చి దుమ్ముతో కలిసి ఎర్రటి గొజ్జు.
పై సిలిండర్. వాషర్ అరిగి
లోపల్లోపలే, నా పాదం మీదే కారింది.

సామాను మార్చాక గాలి తియ్యడం.
"తొక్కు. పట్టు. ఆఁ, వదులు."
కింద అతని గొంతు, పైన నా కాలు.
"తొక్కు. పట్టు."
సన్నపైపులో బుడగలు, బుడగలు,
ఆవగింజంత ఇంకొకటి,
తర్వాత ఉత్త ఆయిలు.

పెడల్ నా కాలిని వెనక్కి నెట్టింది,
చాన్నాళ్లకి ఇంట్లో ఎవరో
ఎదురు మాట్లాడినట్టు.

యార్డు గేటు మూసేశారు.
చెప్పు ఇంకా జారుతూనే ఉంది.