కుట్టు కనబడని అంగీ

కుమార్‌పల్లి గల్లీల నాది ఒంటి మిషను దుకాణం.
జూన్ నెలంతా బడి యూనిఫారాలు,
మిగతా పదకొండు నెలలు జిప్పులు, ఫాల్సులు,
నడుములు వదులు చేసుడు.
బేస్తవారం పొద్దుగూకంగ షట్టరు సగం దించి
నక్కలగుట్ట పెద్ద మార్టుకు పోత.
ఆ రోజే లారీ వస్తది.

గోధుమపిండి సంచులు దాటి,
ఒకటి కొంటే ఒకటి ఉచితం ఫినాయిలు దాటి,
టిఫిను డబ్బాల పక్క, అడుగు అరల
వంద పేజీల లావు పుస్తకం.
బస్టాండు బుక్‌స్టాల్ల దొరకదు,
చౌరస్తాల పాత పుస్తకాలమ్మెటోనికీ తెలువదు.
ఈ మార్టు కోసమే అచ్చేస్తరట,
పప్పులెక్క, సబ్బులెక్క.
నూటనలభై తొమ్మిది రూపాయలు.
లోపల కొత్త కథ పన్నెండు పేజీలే.
ఆ పన్నెండు కోసం
ఎనభై ఎనిమిది పేజీల పాత యుద్ధాలు గూడ
ఇంటికి మోసుకొస్త.

ఇంగ్లిష్ కూడబలుక్కుంట.
ధడేల్‌మనే అక్షరాలకు చదువు అక్కెర లేదు.
అయినా నేను చూసేది మాటలు కాదు, బట్ట.

ఇనుపగద్ద భుజాల మీది ఎర్ర దుప్పటి ఉన్నది చూడు,
మొదటి కథల మోకాళ్ల దాకా,
రెండోదాంట్ల మడిమెల దాకా,
మూడోదాంట్ల గాలొస్తే ఊరంత.
ఒక్కో బొమ్మ గీసెటోనిది ఒక్కో కొలత.
టేపు పట్టినోడు ఒక్కడు లేడు.
ఆ అంగీకి గుండీ లేదు, కాజా లేదు,
జిప్పు ఎక్కడున్నదో అయిదేండ్ల సంది దేవులాడుతున్న.
చంకల కుట్టు లేకుండ చెయ్యి ఎట్ల లేస్తది?
చెయ్యి లేవకుంటే వీడెట్ల ఎగురుతడు?

"పిల్లలకా అన్నా?" అనడిగింది మొదటిసారి
బిల్లు కాడి తిరుమలక్క.
ఆఁ, అన్న. నోట్లెకెల్లి జారింది.
"ఎన్నో తరగతి?"
రెండు.
అట్ల, పెండ్లి లేని నాకొక కొడుకు పుట్టిండు
బార్‌కోడు కూతకు.
రెండు నెలలకో పుస్తకం, ఏడాదికో తరగతి.
చేతుల పైసలాడక నాలుగు వారాలు పోకుంటే
వానికి టైఫాయిడ్ గూడ వచ్చింది.
తిరుమలక్క సంచిల ఒక చాక్లెట్ వేసింది,
లెక్క రాయకుండ.
దాన్ని నేనే తిన్న. సిగ్గుతోనే తిన్న.

అరల ఆరు తర్వాత ఎనిమిది.
ఏడు ఓరుగల్లుకు రాలేదు,
కరీంనగర్ల దిగిందని ఎవరో అంటే
పెండ్లి జాకెట్లు రెండు ఆపి బస్సెక్కిన.
కుక్కర్ల వెనక, మూల మడతపడి, ఒకటే ఒకటి.
వాపస్ వచ్చేటప్పుడు హుజూరాబాద్ దాటినా తెరువలేదు,
కవరు చింపబుద్ధి గాక.
ఎల్కతుర్తి కాడ చింపిన.

అరవై నాలుగో పేజీ.
గీసినోని పేరు లేని పాత కథ.
యుద్ధం ఒడిసింది, పట్నమంతా పొగ.
ఇనుపగద్ద ఒక మేడ మెట్ల మీద కూసున్నడు,
ఒళ్లె ఎర్ర దుప్పటి, పండ్ల నడుమ దారం.
చినిగిన కాడ కుట్టుకుంటున్నడు.
టాకా సక్కగ పడలేదు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి,
అచ్చం చెయ్యి అలవాటు లేనోని కుట్టు.
గీసినోడెవడో గాని
వాని ఇంట్ల మిషను చప్పుడుండే అనుకున్న.
బస్సుల లైట్లార్పిన్రు.
ఆ పేజీ మీద బొటనవేలు పెట్టి
హసన్‌పర్తి దాకా అట్లనే కూసున్న.

మొన్న బేస్తవారం పోతే
అడుగు అరల నూనె లేకుండ వేయించే మిషన్లు.
పుస్తకాలు ఇగ రావట.
మిగిలిన ఒక్కదానికి సగం ధర స్టిక్కరు,
సరిగ్గ మొకం మీదనే అంటిపెట్టిన్రు.
పీకితే మొకం గూడ వస్తదని ముట్టలేదు.
తిరుమలక్క అద్దాలు సదురుకుంట అన్నది,
"ఏడుకొచ్చిండు గద మీవోడు, ఇంకా బొమ్మల పుస్తకాలేనా?"
వానికి పెద్దగయ్యే తొందర లేదక్కా, అన్న.
నవ్వింది.
సంచికి అయిదు రూపాయలు, కావాల్నా అన్నది.
వద్దు, తెచ్చుకున్న,
యూనిఫారం ముక్కలతోని కుట్టింది.