ముందుకెయ్యకూడదు నాన్నా

అంబాజీపేట కొబ్బరి యార్డులో పదిహేడేళ్ళుగా
పాతిన గునపం మీద కాయ గుచ్చి
మూడు తిప్పుల్లో వలిచే చేతులివి.
బంతంటే గుండ్రంగా ఉంటుందనుకున్నవాణ్ణి.
ప్రైసీ బడి నుంచి తెచ్చి ఒళ్ళో పెట్టినదాన్ని చూసి
"పీచు తియ్యని కాయలా ఉందేంటే" అన్నాను.
"రగ్బీ" అంది. ఎనిమిదేళ్ళది.
పై పళ్ళు రెండూ లేక
ఆ మాట సగం గాలిగా వచ్చింది.

మార్తమ్మ మొదట ఒప్పుకోలేదు.
"మీద పడి తోసుకునే ఆటేంటి ఆడపిల్లకి?
చెయ్యి విరిగితే అమలాపురం ఆస్పత్రికి ఎవరు తిరుగుతారు?"
సుగుణ టీచరు మా అరుగు మీద కూర్చుని
మజ్జిగ తాగి, మీసంలా అంటిన తెలుపు తుడుచుకుని చెప్పింది:
ఈ వయసోళ్ళకి పడెయ్యడాలుండవు.
నడుముకి అటొకటి ఇటొకటి పీలికలు దోపుతాం,
పీలిక లాగితే పట్టుబడ్డట్టు, అంతే.
"కొనడానికే బడిలో డబ్బుల్లేవు గానీ..." అని ఆగింది.
ఆ ఆగడమే మా ఆవిణ్ణి పట్టేసింది.
లేసు అల్లే వేళ్ళాయె,
ఎర్ర చీరదీ పచ్చ చీరదీ అంచులు కోసి
తెల్లారేసరికి నలభై పీలికలు కుట్టి పడేసింది.

దాళ్వా కోసిన చేను మాకు మైదానం.
సత్తిపండు గారిది, చేపల చెరువు తవ్వకానికి బేరం పెట్టింది.
"తవ్వేదాకా ఆడుకోండెహె" అన్నాడు.
(మనవడు బన్నీ జట్టులో ఉన్నాడు, అది వేరే సంగతి.)
కొయ్యకాళ్ళు గుచ్చుకోకుండా
ఆదివారం ప్రార్థనయ్యాక నాన్నలమంతా పారలు పట్టాం.
సున్నం చాలక, సగం గీత
మిల్లు ఊకతో పోశాం.

మొదటి ఆట.
నేదునూరు పిల్లలు రెండు ఆటోల్లో దిగారు.
రాత్రి అకాల వానకి నేలంతా చిత్తడి.
గీత ఇవతల మేం.
నా గొంతు లారీ హారను, యార్డంతా ఎరుగుదురు.
"ముందుకెయ్యి! ముందుకెయ్యే ప్రైసీ!
ఎదర బన్నీగాడు ఖాళీగా ఉన్నాడు కదే!"
పరిగెత్తేది ఆగి, నా వైపు చూసి,
ముందుకే వేసింది.
ఈల.
బంతి అవతలోళ్ళకి.

గీత దగ్గరకొచ్చింది. ఏడవలేదు.
నడుమున ఒక్క పీలికే మిగిలుంది.
"ముందుకెయ్యకూడదు నాన్నా.
వెనకున్నోళ్ళకే ఇవ్వాలి.
ముందుకి మనం పరిగెత్తాలి."
చెప్పేసి వెళ్ళిపోయింది.
ఆట ముక్క తెలియని వెంకాయమ్మ బామ్మ
"నువ్వు నోరు ముయ్యరా అబ్బాయ్" అంది.

మూశాను.
ఎంత కష్టమో చెప్పలేను,
తువ్వాలు పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాను.
బన్నీ బురదలో జారితే
వాళ్ళమ్మ చెప్పులొదిలి గీత దాటబోయి
ఒక కాలు అవతల, ఒక కాలు గాల్లో
ఊక మీద కొంగలా నిలబడిపోయింది.
వాడు లేచాడు.
మోకాలు చూసుకోలేదు, బంతినే వెతికాడు.

ఓడిపోయాం. ఎంత తేడాతోనో నాకు గుర్తులేదు,
పిల్లలకైతే ఆ రోజే లేదు.
ఉడకబెట్టిన సెనగల గిన్నె చుట్టూ రెండూళ్ళోళ్ళూ చేరి
ఎవరి ఒంటి మీద బురద ఎక్కువో తగువాడుకుంటున్నారు.

ఇప్పుడు సాయంత్రాలు కాలవగట్టు మీద
అదీ నేనూ నడుస్తూ అందించుకుంటాం.
ఉన్న ఒక్క బంతీ బడి బీరువాలో ఉంటుంది,
మాకు అటక మీది కురిడీ,
పీచు తియ్యంది, నీరింకి తేలికైంది.
నేను ముందు, అది ఓ అడుగు వెనక.
"ఉన్నా!" అని కేకేస్తుంది.
కేక వచ్చిన పక్కకి వదలాలి.
ఒక్కోసారి కేక వెయ్యకుండా నన్ను పరీక్షిస్తుంది,
కాయ పట్టుకుని అలాగే నడుస్తాను
ఎక్కడుందో తెలియక, వీపంతా చెవి చేసుకుని.

నిన్న యార్డులో లారీకి కాయలందిస్తుంటే
వరసలో నా వెనకోడు ఏమీ అనలేదు.
చేతిలో కాయ అలాగే ఆపి
"ఉన్నా అనెహె" అన్నాను.
వాడు నా మొహంలోకి ఓ క్షణం చూసి
బీడీ పక్కకి ఉమ్మేసి
"ఉన్నాలే" అన్నాడు.