లాస్ట్ ఎంత?

కాలిమిషను ఫోటో పెట్టి
ఆరువేల అయిదొందలని రాశాను.
పెట్టిన నిమిషానికే "ఉందా?" అన్నారు పదకొండుమంది.
ఉందని చెప్తే
పదిమంది మాయం.

మిగిలినవాడి పేరు వీరాంజనేయులు.
ముఖం ఉండాల్సిన చోట ఎర్ర బుల్లెట్టు బండి.
పలకరింపు లేదు, ఏ పేటని అడగలేదు,
"లాస్ట్ ఎంత?" అన్నాడు.
ఇంకా మొదలే కాలేదు, చివర అడుగుతున్నాడు.

నాకు బేరం కొత్త కాదు.
గుంటూరు పట్నంబజారులో లైనింగు గుడ్డకి,
జిప్పులకి, దారపు రీళ్ళకి
ఇరవయ్యేళ్ళు నోరు అరగదీసినదాన్ని.
సగానికడిగి,
షాపతను గుండెమీద చెయ్యేసుకుంటే
సంచి భుజానికేసుకుని వెనక్కి తిరిగి
నాలుగడుగులు వేస్తానా,
అయిదో అడుగు పడకముందే
"రామ్మా, బోణీ బేరం, రా" అనేవాడు.
ఆ పడని అడుగులోనే ఉంటుంది
అసలు ధరంతా.

ఫోన్లో నాలుగడుగులు ఎట్లా వేస్తాం?
బోర్లా పెట్టి వంటింట్లోకి పోయాను.
పప్పు రెండు విజిళ్ళేసింది.
వచ్చి చూస్తే "మూడువేలు" అని ఉంది,
దాని కింద దండం పెట్టే చేతులు రెండు.

ఆ చేతులకి వేరే పని లేదు కాబోలు
ప్రతి అంకె వెనకా వచ్చి నిలబడేవి.
మూడున్నర, దండం.
"మా ఆవిడ కుట్టు నేర్చుకుంటోంది అక్కా", దండం.
"ఆటో కిరాయి నాదే కదా", రెండు దండాలు.
రాత్రి పదకొండున్నరకి "పడుకున్నారా?"
పడుకోలేదు.
పడుకున్నట్టు ఊరుకున్నాను.
నీలం టిక్కులు పట్టించేశాయి.

చివరికి నేనే అన్నాను,
నీకూ వద్దు నాకూ వద్దు, నాలుగువేల రెండొందలు.

ఆదివారం మా నల్లచెరువు మూడో లైన్లోకి
ట్రాలీ ఆటో వచ్చింది.
తొక్కి చూశాడు. బెల్టు లాగి చూశాడు.
"పాతదే" అన్నాడు పెదవి విరిచి.
కొత్తదని నేనెప్పుడన్నాను?
నోట్లు లెక్కబెడుతూ మధ్యలో
చిరుగుది ఒకటి దూర్చాడు.
చూసీ చూడనట్టు తీసుకున్నాను.
సొరుగులో బాబిన్లు మర్చిపోయినట్టు ఇచ్చేశాను.

నాలుగో రోజు
మా చెల్లెలు ఖాసింబీ ఫోను పట్టుకొచ్చింది.
"అక్కా, ఇది నీ మిషనులాగా లేదూ?"
నా మిషనే.
నా ఫోటోనే.
నా గులాబీపూల కర్టెను,
గోడమీద నేను బలపంతో రాసుకున్న ఎవరివో జాకెట్టు కొలతలు,
కింద కుడి మూలన
తీసేటప్పుడు అడ్డం పడ్డ నా కాలి బొటనవేలు.
తొమ్మిదివేలు. ఫిక్స్‌డ్.

కోపం రావాలి కదా. వచ్చింది కూడా.
అరగంట ఉంది.
తర్వాత చెల్లెలి ఫోన్లోంచే రాశాను, "ఉందా?"
"ఉంది మేడమ్."
"లాస్ట్ ఎంత?"

అప్పుడు విప్పాడు నోరు.
"ఒక్క చేతిమీద నడిచిన మిషను మేడమ్.
ఆమె రోజూ నూనె వేసేది.
కుట్టు చూడండి, చీమల బారులాగా పోతుంది.
ఇట్లాంటి ఇనుము ఇప్పుడు ఎవరూ పోయట్లేదు.
అమ్మనంది. బతిమాలి తెచ్చాను."

రెండుసార్లు చదివాను.
ఇరవయ్యేళ్ళు తొక్కినదాన్ని,
ఆ ఫోటో కింద నేను రాసింది ఏమిటి?
"పాత కుట్టుమిషను. పనిచేస్తుంది."
అంతే.

"మూడువేలు" అన్నాను.
దండం చేతులు ఎక్కడున్నాయో వెతికి మరీ పెట్టాను.
"కుదరదు మేడమ్."
"మా చెల్లెలు కుట్టు నేర్చుకుంటోంది", దండం.
"ఎనిమిదిన్నర. మీకోసం."
ఇంకేదో రాస్తున్నాడు, ఆపాడు, మళ్ళీ రాస్తున్నాడు.
అటువైపు వీపు తిప్పుకుని
నాలుగడుగులు వేస్తున్నట్టే ఉంది.

అయిదోది పడనివ్వలేదు నేను.
"సరే తమ్ముడూ, ఎనిమిదిన్నరలో
మూలనున్న కాలివేలు కూడా కలిసొస్తుందా,
దానికి విడిగా ఇవ్వాలా?"

నీలం టిక్కులు పడ్డాయి.
పప్పు మూడు విజిళ్ళేసింది.
జవాబు ఇంకా రాలేదు.
ఆ చిరుగు నోటు మాత్రం
నిన్న పట్నంబజారులో చెల్లిపోయింది.
జిప్పుల షాపతను
చూసీ చూడనట్టు తీసుకున్నాడు.